అడవి దాకా పోయాక బండి ఎక్కడ పెట్టాలి?

మీ ప్రశ్న చదువుతుంటే పదకొండేళ్ల కిందటి మా ఇల్లే గుర్తొచ్చింది. టెంపో ట్రావెలర్‌ను లోపలే వండుకుని పడుకునే క్యాంపర్ వ్యాన్‌గా మార్పించుకున్నారు. మీరిద్దరూ, ఆరేళ్ల పాపా. మొదటి ట్రిప్పుకే మంజీరా మొసళ్ల కోసం బయలుదేరి, బండి పెట్టే చోటు దొరక్క పొలం పక్కన ఆపి, ఆ రైతు చేత నాలుగు మాటలు పడి, మొసలి ముక్కు కూడా చూడకుండా కూకట్‌పల్లి తిరిగొచ్చారు. డిసెంబరులో అమ్రాబాద్, వీలైతే మహారాష్ట్రలోని తడోబా పులుల అడవి అంటున్నారు. అడవిలోనే బండి ఆపుకుని పడుకోవచ్చా, పార్కింగ్ గొడవలు తప్పేదెలా, పాపకు జంతువులు కనబడేదెలా అని అడిగారు. మూడూ వేరువేరు ప్రశ్నలని మీరు అనుకుంటున్నారు. నాకైతే మూడూ ఒకటే.

మేమూ మొదట్లో మ్యాపు ముందేసుకుని ఏ అడవిలో ఏముందో మాట్లాడుకునేవాళ్లం. రాత్రికి బండి ఎక్కడ పెట్టాలో మాత్రం అక్కడికి వెళ్లాక చూసుకుందాం అనుకునేవాళ్లం. రెండేళ్లలో నెమళ్లు, కోతులు తప్ప పెద్దగా ఏమీ చూడలేదు. తర్వాత మా ఆవిడ ఒక షరతు పెట్టింది: రాత్రి బండి ఆగే చోటు ఖాయం కాకపోతే ఇంట్లోంచి కదిలేది లేదు, సాయంత్రం నాలుగింటికల్లా అక్కడ హ్యాండ్‌బ్రేక్ పడాలి. అప్పట్నుంచే మాకు జంతువులు కనబడడం మొదలైంది. ఇందులో మాయేమీ లేదు. జంతువులు తిరిగేది తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ. సరిగ్గా ఆ సాయంత్రం వేళకే మనం చోటు కోసం సందులు తిరుగుతూ, హారన్ కొడుతూ, ఒకరి మీద ఒకరం విసుక్కుంటూ ఉంటే ఇంకేం కనబడుతుంది?

ఇక అడవిలో పడుకోవడం. కుదరదు, ఆ ఆలోచన మానుకోండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి వెళ్లడానికే అనుమతి కావాలి. అక్కడి జంతువులను ఆటపట్టించినా, చెత్త వేసినా నేరమే. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు. మనం శ్రీశైలం పోయే 765 నంబరు జాతీయ రహదారి దాని మధ్యలోంచే పోతుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఆ దారి మూసేస్తారు. ఈ నిబంధన తెలిసి కూడా నేను ఒకసారి దెబ్బతిన్నాను. శుక్రవారం ఆఫీసయ్యాక బయలుదేరాం. తుక్కుగూడ దగ్గర ఔటర్ దిగేసరికే ఏడు దాటింది. మధ్యలో టైరు పంచరు. మన్ననూరు చెక్‌పోస్టు చేరేసరికి తొమ్మిదీ ఇరవై. గేటు పడిపోయింది. ముందు లారీలు, వెనక బస్సులు, మధ్యలో మేం. తెల్లవార్లూ ఎవరో ఒకరు ఇంజను ఆన్ చేస్తూనే ఉన్నారు. ఆరింటికి గేటు ఎత్తగానే అందరూ ఒక్కసారిగా దూకారు. ఆ హారన్లకు కొండముచ్చు కూడా రోడ్డు పక్క కూర్చోలేదు. అడవి మధ్యలోంచి అరవై కిలోమీటర్ల దాకా పోయి దోమలపెంటలో టీ తాగి, ఏం చూశాం అని మొహాలు చూసుకున్నాం.

మీరు అలా చేయకండి. మధ్యాహ్నం రెండు, మూడింటికే మన్ననూరు చేరండి. హైదరాబాద్ నుంచి నూట నలభై కిలోమీటర్ల చిల్లర, పొద్దున టిఫిను తిని బయలుదేరినా చాలు. అక్కడ అటవీ శాఖ, టూరిజం వసతి గదులు ఉన్నాయి. ముందే ఫోన్ చేసి ఒక గది తీసుకుని, బండి ఆవరణలో పెట్టుకుంటామని చెప్పండి. సొంత ఇల్లులాంటి బండి ఉండగా గదెందుకు అంటారేమో. ఆ డబ్బు గదికి కాదు, ప్రహరీగోడకు. ఎలుగుబంటి, చిరుత తిరిగే పల్లెలవి. అర్ధరాత్రి పాప బాత్రూం అంటే తలుపు తీసేది మీరే. బయట వంట చేసి ఎంగిలి గిన్నెలు అక్కడే వదిలే అలవాటు ఉంటే అది కూడా ఇంట్లోనే వదిలేసి రండి.

మరునాడు అటవీ శాఖ వారి సఫారీలో ఫరహాబాద్ వైపు వెళ్లండి. సొంత బండిలో కాకుండా వాళ్ల జీపులో ఎందుకంటే, ముందు సీట్లో కూర్చునే మనిషి కోసం. ఆ చుట్టుపక్కల చెంచు పెంటల్లో, అంటే చెంచుల అడవి గూడేల్లో పెరిగినవాళ్లు దారి పక్క దుమ్ము చూసి రాత్రి ఎవరు నడిచారో చెబుతారు. నేను పదేళ్లు తిరిగి నేర్చుకున్నది వాళ్లకు నడక వచ్చేనాటికే వచ్చి ఉంటుంది. ఒకసారి మా జీపు ఆపించి చెయ్యి ఎత్తాడు ఒకాయన. చెట్టు మీద కొండముచ్చు దగ్గినట్టు అరుస్తోంది. ఆ వెంటనే లోయలో దుప్పి అరుపు. అరగంట కదలకుండా కూర్చున్నాం. చిరుత కనబడలేదు, నిజం చెప్పాలిగా. కానీ అది ఎటునుంచి ఎటు నడుస్తోందో ఆ అరుపులు జరిగే తీరు బట్టి ఆయన వేలితో గీసినట్టు చూపించాడు. చూడడం అంటే కంటితోనే కాదని ఆ రోజు తెలిసింది నాకు. ఇంకొకటి, వానాకాలం మూడు నెలలూ ఇలాంటి చోట్ల సఫారీలు ఆపేస్తారు. మీది డిసెంబరు కాబట్టి ఆ బాధ లేదు. నెలాఖరు సెలవుల జనంలో మాత్రం ఇరుక్కోకండి. ఈ దారికి కార్తీక సోమవారాలు, శివరాత్రి వారం అసలే పనికిరావు. దర్శనానికైతే వెళ్లండి, జంతువుల ఆశ పెట్టుకోకండి.

ఆ రోడ్డు మీద వెళ్లేటప్పుడు మధ్యలో బండి ఆపకండి. దుప్పి కనబడిందని ఒకరు ఆపితే వెనక పది బండ్లు ఆగుతాయి, ఎవరో ఒకరు దిగుతారు, సెల్ఫీ మొదలవుతుంది. కోతులకు అరటిపండ్లు, బిస్కెట్లు వేసేవాళ్లయితే లెక్కే లేదు. పుణ్యం అనుకుని వేస్తారు. అది తినడం మరిగిన కోతి పొద్దంతా రోడ్డు మీదే ఉంటుంది, ఏదో ఒకరోజు ఏదో ఒక టైరు కింద పోతుంది. మీ పాపకు ఇది ముందే చెప్పండి. పిల్లలు వింటారు. వినంది పెద్దవాళ్లే.

చెరువుల దగ్గర కథ వేరు. అక్కడ మన బండి లాంటి వసతి ఇంకోటి లేదు. మనిషి నిలబడితే రెండు వందల అడుగుల దూరం నుంచే లేచిపోయే పక్షి, ఆగిపోయిన బండిని చూసి పది, పదిహేను నిమిషాల్లో దాన్నొక బండరాయి కింద జమ కట్టేస్తుంది. ఇంజను ఆపండి, పాటలు ఆపండి, తలుపు వేసే ఉంచండి. కర్టెను బెత్తెడు పక్కకు జరిపి అందులోంచి బైనాక్యులర్స్ పెట్టండి. పొద్దున పూట అయితే చెరువుకు తూర్పు వైపు ఆపాలి. సూర్యుడు మన వీపు వెనక ఉంటేనే పక్షి రంగులు తెలుస్తాయి. పడమటి గట్టున ఆపితే అన్నీ నల్లటి నీడలే. ఈ చిన్న సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, మూడు చలికాలాలు నల్ల బాతులే చూశాను.

దూరం పోనక్కర్లేదు కూడా. మీ కూకట్‌పల్లికి దగ్గర్లోనే అమీన్‌పూర్ చెరువుంది. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. నగరం అంచున ఉన్న చెరువుకు ఆ గుర్తింపు దక్కడం దేశంలో అదే మొదలు. చుట్టూ అపార్టుమెంట్లు లేచాయి, నిజమే. అయినా చలికాలం పొద్దున వెళ్తే వలస బాతులు, కొంగలు, లకుముకిపిట్టలు కనబడతాయి. అక్కడికి పెద్ద బండి తీసుకెళ్లకండి, స్కూటరు చాలు. క్యాంపర్ ఉంది కదా అని ప్రతిచోటికీ దాన్నే తోలుకెళ్లడం కొత్తలో అందరం చేసే పొరపాటే.

మీకు చేదు మిగిల్చిన మంజీరాకు మళ్లీ వద్దాం. సింగూరు, మంజీరా ఆనకట్టల మధ్య నది పొడవునా ముప్ఫై ఆరు కిలోమీటర్లు ఉంటుంది ఆ అభయారణ్యం. నగరానికి తాగునీరు వచ్చే చోటు కూడా కాబట్టి సిబ్బంది కొంచెం పట్టింపుగా ఉంటారు. ముందు వాళ్లను కలవండి, ఎక్కడ ఆపుకోవాలో వాళ్లే చెబుతారు. మీరు తెల్లవారక ముందే వెళ్లాలని తొందరపడ్డట్టున్నారు. పక్షులకైతే అది మంచిదే, మొసలికి అంత తొందర అక్కర్లేదు. దాని ఒంటికి సొంతంగా వేడి పుట్టించుకునే గుణం లేదు. చలికాలంలో ఎండ బాగా ఎక్కాక, తొమ్మిది దాటాక నీళ్లలోంచి వచ్చి రాళ్ల మీద, లంకల మీద నోరు తెరుచుకుని పడుకుంటుంది. అప్పుడు నిదానంగా చూడొచ్చు. పాపను మాత్రం నీటి అంచుకు పోనివ్వకండి. కదలని మొసలి దుంగలాగే ఉంటుంది. దుంగ అనుకున్నదే ఒక్కోసారి మొసలవుతుంది.

ఆ రైతు తిట్టాడని బాధపడ్డారు కదా, ఆయన వైపు నుంచి కూడా చూడండి. మీరు వెళ్లింది నవంబరు. వరికోతల కాలం. రోడ్డు మీద సగం వడ్ల ఆరబోత, మిగతా సగంలోంచి హార్వెస్టరు, ట్రాక్టరు దిగాలి. ఆ దిగే చోట మీ బండి ఉంది. కోత మిషనుకు గంటల లెక్కన డబ్బు. మీరు మొసలి కోసం ఎదురుచూస్తుంటే ఆయన మీటరు తిరుగుతోంది. పొలాల దగ్గర ఆపాలంటే మనిషిని వెతికి అడగాలి. అడిగితే కాదన్నవాళ్లు నాకు చాలా తక్కువ మంది తగిలారు. "బావి కాడ పెట్టుకో సారూ, నీడ ఉంటది" అని తీసుకెళ్లి చూపించినవాళ్లే ఎక్కువ. వాళ్ల మనవడికి బైనాక్యులర్స్ ఇచ్చి ఒక పాలపిట్టను చూపిస్తే, తెల్లారి మనకు చాయ్ కూడా వస్తుంది.

చెరువు శిఖంలోకి, అంటే నీళ్లు తగ్గాక బయటపడే ఆ చదును నేలలోకి బండి దింపకండి. ఫోటోలో అందంగా ఉంటుంది, అందుకే అందరూ దింపుతున్నారు. పైన పొడిగా కనబడుతుంది, కింద బురద. సంగారెడ్డి దాటాక చాలాచోట్ల నల్లరేగడి. దిగబడితే ట్రాక్టరే గతి. నేను ఒకసారి దిగబడి సాయంత్రం దాకా ట్రాక్టరు కోసం కూర్చున్నాను, చూసింది ఒక్క గేదెల మందను. దానికంటే పెద్ద కారణం ఇంకోటుంది. తీతువు పిట్ట లాంటివి ఉట్టి నేల మీదే గుడ్లు పెడతాయి. గూడంటూ ఉండదు, నాలుగు గులకరాళ్ల మధ్య నాలుగు మచ్చల గుడ్లు. మనిషి కాలి దగ్గరున్నా కనబడవు. టైరు కింద పడ్డ చప్పుడు కూడా రాదు. వేసవి దగ్గరపడ్డాక ఒక పిట్ట మీ బండి చుట్టూ అరుస్తూ తిరుగుతుంటే స్వాగతం అనుకోకండి, ఆపి వెనక్కి తీయండి, వచ్చిన టైరు గాడిలోనే.

అసలు పార్కింగ్ నరకం అడవిలో కాదు, మన ఊళ్లోనే. మా బండి ఎత్తు పైన సోలారు ప్లేటు, ఫ్యాను కలుపుకుని తొమ్మిదడుగుల నాలుగంగుళాలు. ఆ అంకె స్టీరింగు పక్కన కాగితం మీద రాసి అంటించాను. మీరూ ముందు ఆ పని చేయండి, టేపు పెట్టి కొలిచి, కంపెనీ చెప్పిన లెక్క కాకుండా. రైల్వే అండర్‌బ్రిడ్జి ముందు ఆగి లెక్కలు వేసుకుంటుంటే వెనకవాళ్లు ఊరుకోరు. సెల్లార్ పార్కింగుల హైట్ బార్లు ఏడడుగుల దగ్గరే ఉంటాయి. మాల్స్‌లో మొదటి అరగంట పార్కింగుకు డబ్బు తీసుకోకూడదని 2018లో రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. మంచిదే. మన బండి బారు దగ్గరే ఆగిపోతుంది కాబట్టి ఆ అరగంట మన నుదుట రాయలేదు.

ఇంటి ముందు పెట్టుకోవడం ఇంకో లొల్లి. మేముండేది సైనిక్‌పురి వైపు. ఎదురింటాయన మా బండి వాళ్ల గేటుకు వాస్తు దోషం అన్నాడు. నాలుగడుగులు ముందుకు జరిపితే పక్కింటివాళ్లు రెండు పూలకుండీలు, ఒక విరిగిన కుర్చీ రోడ్డు మీద పెట్టి రిజర్వు చేసుకున్నారు. వినాయక చవితికి మండపం వేసి వీధి మూస్తే పదకొండు రోజులు బండి లోపలే ఖైదు. ఒక అపార్టుమెంటులో బంధువుల ఇంటికి వెళ్తే విజిటర్స్ పార్కింగులో టెంపోలకు చోటు లేదని చక్రానికి తాళం వేశారు. ఇది టెంపో కాదు క్యాంపరు అని వాదించాను. మంచం, పొయ్యి, సింకు అన్నీ తలుపు తీసి చూపించాను. వాచ్‌మన్ అన్నీ శ్రద్ధగా చూసి, "మంచిగుంది సార్, ఫైను అయితే కట్టాలె" అన్నాడు. చివరికి శామీర్‌పేట దారిలో తెలిసినవాళ్ల ఖాళీ ప్లాటు నెలవారీ అద్దెకు తీసుకున్నాను. ఇంటి నుంచి ఇరవై ఐదు నిమిషాలు. రోజూ పోట్లాడే కంటే అదే చవక. మీరూ అలాంటిది చూసుకోండి, నోటిమాట కాకుండా కాగితం మీద రాయించుకోండి. ప్లాటు యజమాని బావమరిది ఒకరోజు వచ్చి ఎవరయ్యా నువ్వు అంటే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి. నెలకు రెండుసార్లు వెళ్లి బానెట్ ఎత్తి చూడండి, ఎలుకలు వైర్లు కొరికేస్తాయి.

దారిలో రాత్రి ఆగడానికి నా వరసయితే ఇది: లారీలు ఆగే పెద్ద పెట్రోలు బంకు, లేదంటే గుడి సత్రం ఆవరణ, లేదంటే ఎప్పట్నుంచో నడుస్తున్న ధాబా. బంకులో ముందు డీజిలు పోయించుకుని, తర్వాత మేనేజరును అడగాలి. ఈ వరస తిప్పితే జవాబు కూడా తిరుగుతుంది. గాలి, నీళ్లు, బాత్రూం, వెలుగు అన్నీ అక్కడే. బండి మొహం ఎప్పుడూ రోడ్డు వైపు ఉంచి ఆపండి. రాత్రి ఏదైనా తేడాగా అనిపిస్తే రివర్సు కొట్టే పని ఉండకూడదు. నిర్మానుష్యంగా, అందంగా ఉన్న చోటు చూసి మీవారు మురిసిపోతే ఒప్పుకోకండి. టాయిలెట్ ట్యాంకు ఖాళీ చేయడం కూడా ఇలాంటి బంకుల్లోనే, అడిగి. వాగులో, చెరువు పక్కన పోసేవాళ్లను చూశాను, ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండాల్సింది.

తడోబా గురించి ఎక్కువ చెప్పను, అక్కడ మన బండికి పాత్రే లేదు. దాదాపు నాలుగు వందల కిలోమీటర్లు వెళ్లి, మోహర్లీ గేటు బయట ఏదో ఒక రిసార్టులో బండి పెట్టి, ముందే బుక్ చేసుకున్న జిప్సీ ఎక్కడమే. సొంత బండి లోపలికి రానివ్వరు. మంగళవారం సెలవు. మొదటిసారే ఆరేళ్ల పిల్లతో అంత దూరం వద్దంటాను. దానికి బదులు కర్నూలు అవతల రోళ్లపాడు వెళ్లండి. బట్టమేకపిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం 1988లో ఏర్పాటు చేసిన అభయారణ్యం అది. ఇప్పుడు ఆ పిట్ట కోసం వెళ్లకండి, ఆశపడి బాధపడతారు. కృష్ణజింకలు మాత్రం గడ్డి మైదానంలో గంతులు వేస్తూ కనబడతాయి. చెట్లు అడ్డం రావు, పాపకు చూపించడం తేలిక. పులిని చూపించాలంటే అదృష్టం కావాలి, జింక మందకు ఓపిక చాలు.

పాప విషయం చివరికి పెట్టాను. డిసెంబరు లోపు మూడు, నాలుగు ఆదివారాలు కేబీఆర్ పార్కుకు తీసుకెళ్లండి. ఆరింటికల్లా, క్యాంపరు కాకుండా. ఏడు దాటితే ఆ చుట్టుపక్కల కారు పెట్టే చోటు దొరకడం కూడా కష్టమే. నెమలిని చూసి అరవకుండా పది నిమిషాలు కూర్చోగలిగితే అడవికి తీసుకెళ్లొచ్చు. బైనాక్యులర్స్ తనకు వేరేగా చిన్నది కొనండి, మీది అడగనివ్వకండి. కనబడినవన్నీ రాసుకోవడానికి ఒక నోటు పుస్తకం. మా మనవరాలి పుస్తకంలో మొదటి పేజీలో ఉన్నది ఏ అడవి జంతువూ కాదు, పిగిలిపిట్ట, అదే బుల్‌బుల్.

శామీర్‌పేట ప్లాటులో బండి నిలిపి ఉండగా, నీడ కోసం బండి పక్కకు లాగి వేసుకునే పందిరి గుడ్డ మడతలో పిగిలిపిట్ట గూడు కట్టింది. మేం చూసేసరికే మూడు గుడ్లు. ఆ వారం గోదావరి వైపు వెళ్లాల్సిన ప్రయాణం మానేశాం. గుడ్లు పొదగడానికి పన్నెండు రోజులు, పిల్లలు ఎగరడానికి ఇంకో పన్నెండు. మనవరాలు రోజూ సాయంత్రం స్కూలు నుంచి వచ్చి బండిలోపల కూర్చుని కిటికీలోంచి చూసేది. తల్లి ఎన్నిసార్లు పురుగు తెచ్చిందో గీతలు పెట్టి లెక్క రాసేది. ఆ ఏడాది మేం ఎక్కడికీ పోకుండా చూసినంత దగ్గరగా ఏ అడవిలోనూ ఏదీ చూడలేదు. డిసెంబరులో మీకు ఆ బెంగ ఉండదు. ఫిబ్రవరి తర్వాత ఎప్పుడు బయలుదేరినా, తాళం తిప్పే ముందు ఆ గుడ్డ మడతల్లో ఒకసారి టార్చి వేసి చూడండి.